తప్పుకునే నీడ

విద్యాధర్ గారూ, మీ బండి గుడ్డిది కాదు. నా వదినెను చూసింది. కింది అర ముందు గొంతుకూర్చుని ఉందని చూసింది. వీపు దారి వైపు ఉందని చూసింది. ఆమె ఎన్ని కిలోల మనిషో కూడా దానికి తెలుసు. అన్నీ తెలిసే కాలి మీద నుంచి పోయింది. మీరేమో చల్లటి గదిలో కూర్చుని "ఉద్యోగి సకాలంలో పక్కకు తప్పుకోలేదు" అని ఒక్క వాక్యం రాయించి, కింద సంతకం గీకారు. ఆ వాక్యం అబద్ధం. అబద్ధమని మీకు తెలుసు. అది ఎట్లా పుట్టిందో మొదటి నుంచి చెబుతాను, అందరూ వినండి. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్నీ దాచను.

నా పేరు కొమురమ్మ. హన్మకొండ పసిడివాకిలి బజార్‌లో తొమ్మిదేళ్లు సరుకు బండి తోశాను. మా అన్న సమ్మయ్య భార్య భూలక్ష్మి నాకంటే రెండేళ్లు ముందు చేరింది. నన్ను ఆ పనిలో పెట్టించిందీ, పని నేర్పిందీ ఆ వదినే.

బండి తోయడంలో ఏముంది, చక్రాలున్నాయి, తోస్తే పోతుంది అనుకుంటారు. ఒకసారి తోసి చూడండి. ఇరవై నూనె డబ్బాలు ఎక్కిస్తే మూడు వందల కిలోలు. ఆ బరువుతో ఆదివారం జనం మధ్య నుంచి పోవాలి. కస్టమర్ ముందుకు చూసి నడవడు, అరల వైపు చూసి నడుస్తాడు. ధర చూసి ఉన్నట్టుండి ఆగుతాడు. మరిచిపోయింది గుర్తొచ్చి గిరుక్కున వెనక్కి తిరుగుతాడు. పిల్లలు ఎటు నుంచి ఉరుకుతారో పిల్లలకే తెలియదు. మేడారం జాతరలో నెత్తిన నిండు బిందె పెట్టుకుని నడిచినట్టు ఉంటుంది. మూల దగ్గర ఆగి తొంగి చూడాలి. పెట్టెలు కళ్ల ఎత్తు దాటి పేర్చకూడదు. బండిని తోయాలి కానీ లాగకూడదు, లాగితే వెనక ఎవరున్నారో కనపడదు. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. మా మడమల్లో, మోకాళ్లలో ఉంది.

మొదట్లో "జరుగుర్రి, జరుగుర్రి" అని అరుస్తూ పోయేవాళ్లం. ఎవరో కస్టమర్ "ఇదేమన్నా పశువుల అంగడా?" అని చీటీ రాసి ఫిర్యాదుల పెట్టెలో వేశాడు. మేనేజర్ రవికాంత్ మర్నాడే రూలు తెచ్చాడు. కస్టమర్లు తిరిగే చోట సిబ్బంది గొంతు వినపడకూడదట, చిరునవ్వు మాత్రమే కనపడాలట. సరే, గొంతు మూసుకున్నాం. కస్టమర్లనైతే మేమే చూసుకుంటాం, ఆగుతాం, చుట్టు తిరిగి పోతాం. కానీ అరల్లో తల దూర్చి సరుకు సర్దుతున్న మావాళ్ల సంగతేమిటి? బండి వస్తోందని వాళ్లకెవరు చెప్పాలి?

దానికి ఉపాయం మా వదినె కనిపెట్టింది. చేతికున్న స్టీలు కడియంతో బండి పిడి మీద రెండుసార్లు కొట్టింది. టక్ టక్.

"గింత సప్పుడు ఎవ్వలకు ఇనబడ్తది వదినె?" అన్నాను.

"ఇనవల్సినోళ్లకు ఇనబడ్తది. పెండ్లి బరాత్‌ల బ్యాండు మోగుతున్నా తల్లికి బిడ్డ ఏడుపు ఇనబడదా?" అంది. "ఒక్కటి యాదికుంచుకో కొమురా. కండ్లు కస్టమర్లకియ్యి. చెవులు మనోళ్లకియ్యి."

నెల తిరగకముందే బండి తోసేవాళ్లందరి చేతికీ కడియాలు వచ్చాయి. టక్ టక్ మంటే చాలు, సర్దుతున్న మనిషి తల తిప్పదు, చేయి ఆపదు, కాలు మాత్రం లోపలికి లాక్కుంటుంది. జానెడు జాగా చాలు, బండి పోతుంది. కస్టమర్లకు తెలియదు. మేనేజర్‌కూ తెలియదు. ఏడేళ్లలో ఒక్క కాలు నలగలేదు.

ఆ తర్వాత మా బజార్లన్నిటికీ పెద్దగా మీరొచ్చారు విద్యాధర్ గారూ.

మడికొండ దగ్గర పెద్ద షెడ్డు తీసుకుని అందులో ఉత్తుత్తి బజారు కట్టారు. ఖాళీ అట్టపెట్టెలు, ఇసుక నింపిన డబ్బాలు, కస్టమర్లలా తిరగడానికి కాలేజీ పిల్లలు. నేల కింద బరువు పసిగట్టే పలకలు. పైకప్పు నిండా కళ్లు. మనిషి తోయకుండానే జనం మధ్య పోయే సరుకు బండిని తయారు చేస్తారట. దానికి పని నేర్పడానికి మంచి తోపరి కావాలని అడిగితే రవికాంత్ నా పేరు చెప్పాడు. సరుకు సర్దడానికి మా బజారు నుంచే ఇంకో అయిదుగురు వచ్చారు, అందులో ఖాజాబీ ఒకతి.

అక్కడి ఇంజనీరు ఇందుప్రియ. సన్నగా, గాలికి ఎగిరిపోయేటట్టు ఉంటుంది, కానీ బుర్ర పాదరసం. నన్ను మొదటి రోజు నుంచే "టీచర్ గారూ" అని పిలిచింది.

"మీరు మామూలుగా తోయండి చాలు. బండి మిమ్మల్ని చూసి నేర్చుకుంటుంది" అంది.

నా కుడి చేతికి నల్లటి పట్టీ కట్టబోయింది. కడియం అడ్డం వచ్చింది. "ఇది తీసేస్తారా?" అంది. తీసి ఎడమ చేతికి వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. నా తప్పు ఇక్కడుంది. గుర్తు పెట్టుకోండి.

మూడు నెలలు తోశాను. ఒకరోజు ఇందుప్రియ నన్ను తెర ముందు కూర్చోబెట్టింది. నల్లటి తెర మీద మనుషులు తెల్లటి బొమ్మల్లా కదులుతున్నారు. ఒక్కో బొమ్మ నుంచి పలచటి నీడలు బయటికి వస్తున్నాయి, ఒకటి ముందుకు, ఒకటి పక్కకు, ఒకటి వెనక్కి. పూరేకులు విచ్చుకున్నట్టు ఉంది.

"మనం అడుగు వేయకముందే ఒంట్లో బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. నేల పలకలు దాన్ని పట్టేస్తాయి. ఇంకో మూడు సెకన్లకు ఈ మనిషి ఎక్కడుండొచ్చో బండి ముందే గీసుకుంటుంది. ఆ నీడలు అవే" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు జలదరించింది. తొమ్మిదేళ్లు నా కళ్లు చేసిన పని అది. కస్టమర్ భుజం చూసి ఎటు తిరుగుతాడో చెప్పగలను. దాన్ని అద్దంలో చూపించినట్టు చూపించింది. బండి ఆ రేకులన్నిటినీ తప్పించుకుంటూ, ఎవరి అడుగుకూ అడ్డం రాకుండా పోతోంది.

కానీ నీలం కోట్లు వేసుకున్న మావాళ్లకు అన్ని రేకులు లేవు. ఒకే ఒక్క నీడ. పక్కకు జరిగిన నీడ.

"మీవాళ్లు ఎంత పద్ధతిగా ఉంటారో చూడండి. బండి దగ్గరికి రాగానే తమంతట తామే తప్పుకుంటారు. చూడను కూడా చూడరు!" అంది ఇందుప్రియ ఆశ్చర్యంగా.

నేను ముసిముసిగా నవ్వుకున్నాను. ఇన్ని కళ్లు పెట్టిన ఇంజనీర్లకు మా టక్ టక్ అంతు చిక్కలేదని నాకు లోపల గర్వం. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తేలులా కుడుతోంది.

ఆ వారం సెలవు రోజు మధ్యాహ్నం కాశిబుగ్గలో మా అన్న ఇంటికి పోయాను. వదినె జొన్నరొట్టెలు కొడుతోంది. నన్ను చూడగానే మా అన్నను పిలిచింది.

"ఇగో, సూడు, నీ చెల్లె వచ్చింది. మిషన్‌కు పంతులమ్మ అయింది. తన కొలువు తనే దానికి నేర్పుతాంది. తన కత్తి తనే నూరుకునే మేకను గిప్పుడే సూస్తున్న నేను."

"ఊకో వదినె. గది వస్తే నీ నడుం నొప్పి పోతది. తోసుడు ఉండది, ఉత్త సర్దుడే."

"అవ్, సర్దుడే. మరి మేం కింద కూసుండి సర్దుతాంటే టక్ టక్ ఎవ్వలు కొడ్తరే? నీ మిషన్ కడియమేస్కుంటదా?"

మా అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. మీ షెడ్డులో అంతమంది చదువుకున్నవాళ్లు మూడు నెలల్లో అడగని ప్రశ్న, పెనం మీద రొట్టె తిప్పుతూ మా వదినె అడిగింది. మేం దాన్ని జోకు కింద మింగేశాం.

బజారు నేల కిందా పలకలు పరిచారు, పైకప్పు నిండా కళ్లు పెట్టారు. బండ్లు వచ్చాయి. మొత్తం పంతొమ్మిది. రబ్బరు చక్రాలు, నున్నటి ఒళ్లు. పిల్లి నడిచినా చప్పుడవుతుందేమో కానీ ఇవి నడిస్తే కాదు. తోసేవాళ్లందరినీ సర్దే పనిలోకి మార్చారు. మొదటి వారమే మా మడమలకు గీకుడు మొదలైంది. రవికాంత్‌కు చెబితే "అలవాటవుతుంది, కొంచెం చూసుకుంటూ పనిచేయండి" అన్నాడు. చూసుకున్నాం. చేత్తో ప్యాకెట్లు, కంటితో వెనక దారి. మెడలు తిప్పి తిప్పి పట్టేశాయి. బండి కనపడగానే మేమే గెంతేవాళ్లం.

ఆరో ఆదివారం. పొద్దున పదకొండు గంటలు, జనం కిటకిట. వదినె పప్పుల వరసలో కింది అరలో కందిపప్పు పెడుతోంది. నేను ఆ వరస చివర ధర చీటీలు అంటిస్తున్నాను. ఏడో నంబరు బండి నూనె డబ్బాలతో వచ్చింది. అదే సమయానికి ఎదుటి నుంచి పసుపు గౌను వేసుకున్న పాప ఉరికొచ్చింది. బండికి ఎడమ పక్క పాప. కుడి పక్క మా వదినె. బండి కుడికి తిరిగింది. వేగం ఇసుమంత కూడా తగ్గలేదు.

బండి చప్పుడు చేయలేదు. వదినె కడియం నేలకు కొట్టుకున్న చప్పుడే నాకు వినపడింది.

పాపకు ఏమీ కాలేదు. నిండు నూరేళ్లు బతకాలి ఆ బిడ్డ. నాకు ఆ బిడ్డ మీద ఏ కోపమూ లేదు. నా కోపం మీ మీద. ఎందుకంటే ఆ సాయంత్రమే మీ కంపెనీ ఒక వీడియో వదిలింది. "పాపను కాపాడిన బండి." తొమ్మిది సెకన్లు. లక్షల మంది చూసి చప్పట్ల బొమ్మలు పెట్టారు. దాని కుడి అంచున, రెప్పపాటు సేపు, పగిలిన కందిపప్పు ప్యాకెట్టు ఒకటి కనిపిస్తుంది. దాని పక్కనే మా వదినె కాలుంది. దాన్ని కత్తిరించారు.

పెద్దాసుపత్రిలో మడమ వెనక నరం తెగిందన్నారు, ఎముక నుగ్గయిందన్నారు. కర్ర పట్టుకుని నడుస్తుంది కానీ గొంతుకూర్చోవడం ఇక కుదరదన్నారు. మా పనే గొంతుకూర్చునే పని. అయిదో రోజు రవికాంత్ ఒక కాగితం పట్టుకొచ్చాడు. అందులోదే ఆ వాక్యం. ఉద్యోగి సకాలంలో పక్కకు తప్పుకోలేదు. తప్పు ఆమెది కాబట్టి కొలువు పోయింది. అక్కడితో ఆగలేదు. ప్రమాదం యంత్రం వల్ల జరగలేదని ఈ కాగితమే సాక్ష్యంగా పెట్టి, మిగతా నలభై బజార్లకూ బండ్లు పంపిస్తారట.

మా అన్న ఆటో నడుపుతాడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆరోజు మంచం పట్టె పట్టుకుని లేచాడు.

"తప్పుకోలేదా? ఏం సార్, నా పెండ్లం గా బండికి అడ్డం పండుకున్నదా? రోడ్డు మీద నేను ఎవలనన్న గుద్ది 'ఆయన జరగలేదు' అంటే పోలీసోళ్లు ఇడిసిపెడ్తరా నన్ను?"

"నేనేం చేయను సమ్మయ్యా, పైనుంచి వచ్చింది" అన్నాడు రవికాంత్, గోడ గడియారం చూస్తూ.

అతను పోయాక వదినె నా చేయి పట్టుకుంది. కడియాన్ని వేలితో తిప్పింది.

"నువ్వు గాడనే ఉన్నవ్ గద కొమురా. ఎందుకు కొట్టలే?"

"నేను బండి తోస్తలేను గద వదినె. బండి దానంతటదే వచ్చింది."

"అవ్ గదా... ఎన్ని దినాలైనా నా చెవి గా సప్పుడు కోసమే ఎదురుసూస్తది. సప్పుడు రాలే, కాలు గుంజుకోలే. సప్పుడొస్తే గుంజుకోనా చెప్పు?" అంది. ఆమె కంటి నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. తప్పు తనదేనేమో అని కాగితం చూసినప్పటి నుంచీ ఆమెకు అనుమానం. కాలు విరిచారు సరే, ఆ తప్పు ఆమెదేనని ఆమెతోనే ఒప్పించబోయారు.

అప్పుడు నాకు తట్టింది. ఆ ఒంటరి నీడ. తమంతట తామే తప్పుకుంటారు, చూడను కూడా చూడరు అన్న మాట. ఆస్పత్రి నుంచి నేరుగా మడికొండ పోయాను.

షెడ్డులో ఇందుప్రియ ఉంది. ఆరోజు షెడ్డు పనికి వచ్చిన ఖాజాబీ దూరంగా అటు తిరిగి ఇసుక డబ్బాలు సర్దుతోంది.

"మేడం, మా సప్పుడు మీ బండి ఇన్నదా?"

"ఏ చప్పుడు?"

పక్కనున్న ఖాళీ బండి పిడి మీద కడియంతో కొట్టాను. టక్ టక్. ఖాజాబీ తల తిప్పలేదు, చేయి ఆపలేదు. కుడి కాలు లోపలికి పోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ కాలు పోయింది. మూడోసారి కొడితే అక్కడి నుంచే అరిచింది.

"ఏందక్కా, బండి లేదు ఏం లేదు! నా కాలుతోని ఆటలా?"

ఇందుప్రియ మొహంలో నెత్తురు లేదు. కుర్చీలో కూలబడింది.

"మేం మైకులు పెట్టలేదు" అంది. "కస్టమర్ల మాటలు రికార్డయితే కేసులవుతాయని వద్దన్నారు. బండికి చప్పుడే తెలియదు. దానికి కనపడింది ఒక్కటే, నీలం కోటు వాళ్లు ఏ కారణం లేకుండా తప్పుకుంటారని. అయ్యో, మీరు చెప్పాల్సింది కదా కొమురమ్మ గారూ!"

"మీరు అడగాల్సింది గద మేడం."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడలేకపోయాం.

ఆమె ఆ ఆదివారం రికార్డు తెర మీద పెట్టింది. వదినె తెల్లటి బొమ్మ, ముడుచుకుని కూర్చుని ఉంది. బండి దగ్గరికి వచ్చింది. బొమ్మలో నుంచి నీడ లేచి పక్కకు జరిగింది. బొమ్మ జరగలేదు. బండి నీడనే నమ్మింది. ఖాళీ అయిపోయిందనుకున్న జాగాలో నుంచి, మా వదినె ఉన్న జాగాలో నుంచి, నేరుగా పోయింది.

తెర మూలన ఒక అంకె ఉంది. 98.41.

"ఎదుటి మనిషి తప్పుకుంటాడన్న నమ్మకం, నూటికి ఇంత అని. కస్టమర్‌కు పదకొండు. మీకు ఇది." ఇందుప్రియ తెర మీది అంకెను వేలితో చూపించింది. "నాలుగు నెలల కింద నేను అన్నాను, దీన్ని సున్న చేద్దాం, ఎవరైనా తప్పుకుంటారని అనుకోవద్దు, ఎవరున్నా ఆగుదాం అని. విద్యాధర్ గారు ఒప్పుకోలేదు. 'మనవాళ్లే కదా, తప్పుకుంటారులే' అన్నారు."

మనవాళ్లే కదా! ఆ మాట మీరన్నారు. ఇప్పుడు కాదనండి చూద్దాం.

ఆ తర్వాతి గురువారం పొద్దున, బజారు తెరవకముందు, మీరే వచ్చారు. నలభై బజార్లకు అనుమతి సంతకం పెట్టడానికి. నేను పప్పుల వరసలో మీకు ఎదురొచ్చి నీలం కోటు చాపాను.

"సార్, ఇది ఒక్కసారి తొడుక్కుని ఈడ నిలవడుండ్రి. ఏడో నంబరు బండి వస్తది."

"కొమురమ్మా, ఏం మాట్లాడుతున్నవ్!" అని రవికాంత్ ఉరికొచ్చాడు.

మీరు నవ్వి "పర్లేదు" అన్నారు. మీరు పిరికివారు కాదు, ఆ మాట ఒప్పుకుంటాను. కోటు తొడుక్కున్నారు. దారి మధ్య నిలబడ్డారు. ఖాళీ చేతులు, తళతళలాడే బూట్లు, చూపు నేరుగా బండి మీద. మడికొండ నుంచి వచ్చిన ఇందుప్రియ, బజారులో పెట్టిన తెర దగ్గర నిలబడింది. మేం నలభై ముగ్గురం అరల పక్కన నిలబడ్డాం.

బండి వచ్చింది. పదడుగులు. అయిదడుగులు. వేగం తగ్గలేదు. మీ నవ్వు తగ్గింది. రెండడుగులు. నిప్పు తొక్కినట్టు పక్కకు గెంతారు. భుజం అరకు తగిలి రెండు బెల్లం ప్యాకెట్లు కింద పడ్డాయి. బండి మీరు నిలబడ్డ చోటు నుంచే చల్లగా పోయింది.

మీరు ఆయాసపడుతూ కోటు సర్దుకున్నారు. అన్నారు కదా, "చూశారా? తప్పుకోవచ్చు. కాస్త చూసుకుంటే చాలు."

ఇందుప్రియ తెర మీది అంకె చదివింది.

"సార్, 98.42."

"ఏంటది?"

"ఇందాక 98.41 ఉండింది. మీరు తప్పుకున్నారు కదా సార్, నీలం కోటు వాళ్లు తప్పుకుంటారని దానికి ఇంకొంచెం నమ్మకం కుదిరింది. అది రోజూ నేర్చుకుంటూనే ఉంటుంది. ఇన్ని వారాలూ వీళ్లు ప్రాణభయంతో గెంతిన ప్రతి గెంతూ దానికి పాఠమే."

విన్నారా? మా కాళ్లు కాపాడుకోవడానికి మేం తప్పుకుంటే, మా పక్కనున్నదాని కాలు విరగడానికి అదే పాఠం అయింది. నేను మీ ముందుకొచ్చి అన్నాను.

"ఇంకొక్కసారి సార్. ఇప్పుడు గొంతుకూసోండ్రి. మొకం అర దిక్కు వెట్టుర్రి. రెండు చేతుల్ల పప్పు ప్యాకెట్లు పట్టుకోండ్రి. మా వదినె కూసున్నట్టు."

మీరు కోటు విప్పారు. తొడుక్కున్నప్పటికంటే తొందరగా విప్పి రవికాంత్ చేతిలో పెట్టారు.

"ఆ అంకె సున్న చేస్తే సరిపోతుంది సార్" అంది ఇందుప్రియ.

"చేస్తే ప్రతి మూలకూ ఆగుతుంది. గంటకు నాలుగు ట్రిప్పులు తగ్గుతాయి. మనం ఇది మాట్లాడుకున్నాం ఇందుప్రియా." మీరు మా వైపు తిరిగి, పెద్ద మేలు చేస్తున్నట్టు చెప్పారు. "సరే, సిబ్బంది కాళ్లకు పట్టీలు కడదాం. బండి దగ్గరికి వస్తే అవి వణుకుతాయి. వెంటనే తప్పుకోవచ్చు. ఇక ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

పశువుల అంగడి వద్దని మా గొంతు మూయించారు. ఇప్పుడు ఆ పశువులకు కట్టినట్టే మా కాళ్లకు కడతారట! ఆగాల్సింది బండి అయితే, వణకాల్సింది మేమట!

నేను అర ఇనుప కమ్మీ మీద కడియంతో కొట్టాను. టక్ టక్. ఏడేళ్లలో ఎన్నడూ ఆ చప్పుడుకు తల తిప్పని వాళ్లు, ఆరోజు అందరూ తల తిప్పి నా వైపు చూశారు. ఎవరూ కాలు లాక్కోలేదు. ఖాజాబీ మొదట కోటు విప్పి ఏడో నంబరు బండి మీద పడేసింది.

"తీసుకో బిడ్డా, నువ్వే తొడుక్కో" అంది దానితో.

నలభై ముగ్గురం కోట్లు విప్పేశాం. సొంత చీరల్లో, సొంత చొక్కాల్లో నిలబడ్డాం. పది గంటలకు తలుపులు తెరిచారు, కస్టమర్లు వచ్చారు. మేం మా వరసల్లోకి పోయి మా పని మేం చేసుకున్నాం. తెర మీద ఖాజాబీ బొమ్మ నుంచి నాలుగు నీడలు విచ్చుకున్నాయి. నాకు అయిదు. ఒక్కొక్కరికీ పూరేకులు. పంతొమ్మిది బండ్లూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎటు పోవాలన్నా ఎదురుగా మనిషే. ఇన్నాళ్లకు వాటికి మేం కూడా మనుషుల్లా కనపడ్డాం, అదీ కోటు విప్పితే.

మీరు దీన్ని సమ్మె అన్నారు. సమ్మె ఎక్కడిది? గోదాములో మూల పడేసిన పాత బండ్లు తీశాం. చక్రాలకు నూనె పెట్టాం. ఏ కస్టమరూ వట్టి చేతులతో పోలేదు. టక్ టక్ మళ్లీ మొదలైంది. ఒక పెద్దామె ఆగి "ఏందమ్మా గా సప్పుడు?" అని అడిగింది. ఈసారి దాచలేదు. అంతా చెప్పాను. ఆమె వీడియో తీసుకుని పోయింది. అందులో కుడి అంచు కత్తిరించలేదు.

వదినెకు ఫోన్ చేసి అంతా చెప్పాను. విని నవ్వింది. ఆ ఆదివారం తర్వాత మొదటి నవ్వు.

"మల్ల బడి పెట్టినవా పంతులమ్మా? ఈసారన్న సక్కగ నేర్పు. అడగకపోయినా చెప్పు."

అందుకే చెబుతున్నాను, మీరు అడగకపోయినా.

ఇవాళ తొమ్మిదో రోజు. కోట్లు బండ్ల మీదే పడి ఉన్నాయి. పట్టీలు మాకొద్దు. శిక్షణ తరగతులు మాకొద్దు. "సురక్షిత వారం" అని గోడకు అంటించే రంగు కాగితాలు అసలే వద్దు. విద్యాధర్ గారూ, మడికొండ పోయి ఇందుప్రియ పక్కన కూర్చుని, ఆ 98.42 మీద మీ వేలే పెట్టి, సున్న కొట్టండి. నీలం కోటుకూ సున్న, పట్టుచీరకూ సున్న, పసుపు గౌనుకూ సున్న. ఎవరైనా తప్పుకుంటారని ఆ బండి అనుకోకూడదు. మనిషి ఉంటే ఆగాలి, అంతే. తర్వాత ఆ కాగితం తెప్పించి, ఆ వాక్యం కొట్టేసి, "బండి ఆగలేదు, ఆగకుండా మేమే చేశాం" అని రాసి, అదే సంతకం పెట్టి, ఆస్పత్రి మంచం దగ్గరికి మీరే పట్టుకెళ్లి భూలక్ష్మి చేతికివ్వండి. ఆమె కూర్చుని చేయగలిగిన పని చూపించండి. అది జరిగేదాకా మిగతా నలభై బజార్లలో ఒక్క చక్రం కదలకూడదు.

ఆ నలభై బజార్లలో అరల ముందు గొంతుకూర్చున్న అక్కలారా, మీ కోట్లు మీరూ విప్పండి. గెంతకండి. మీరు గెంతితే అది నేర్చుకుంటుంది.

మేం ఇక తప్పుకోం. బండిని ఆపండి. రేపు కాదు, ఇవాళే.